కారు ఏసీ ఏమంటోంది?

టక్‌... కిర్ర్‌... బుస్‌... గలగల! ఎండాకాలం వచ్చిందంటే కారు ఏసీ రకరకాలుగా మాట్లాడుతుంది. కొన్ని ఉత్త కబుర్లు. కొన్ని మాత్రం ముందస్తు హెచ్చరికలు. ఏది ఏదో తెలుసుకోవడానికి మెకానిక్కే కానక్కర్లేదు.

మే నెల, మిట్టమధ్యాహ్నం. హైదరాబాద్‌ నుంచి విజయవాడ వెళ్తున్నాం. నా పక్కన మా ఆవిడ. వెనక సీట్లో అమ్మ, ఆమె ఒళ్లో తలపెట్టి నిద్రపోతున్న మా ఏడేళ్లవాడు. సూర్యాపేట దాటాక బానెట్‌లోంచి వచ్చే ‘గర్‌ర్‌ర్‌’ శబ్దం కాస్త పెద్దదైంది. నిజానికి అది కొత్తదేం కాదు, రెండు వారాల నుంచీ ఉన్నదే. ‘ఏంటండీ ఆ చప్పుడు?’ అని మా ఆవిడ అడగడం, ‘పాత కారు కదా, అలాగే ఉంటుందిలే’ అంటూ నేను పాటల సౌండు పెంచడం... అలా గడిచిపోయింది.

కోదాడ ఇంకో పది కిలోమీటర్లు ఉందనగా ఆ గర్‌ర్‌ర్‌ కాస్తా ‘కీచ్‌’ అని అరుపైంది. రబ్బరు కాలిన వాసన. ఆ వెంటనే ‘ఫట్‌’! తర్వాత అంతా నిశ్శబ్దం. ‘హమ్మయ్య, పోయింది’ అనుకున్నాను. పోయిన మాట నిజమే. కాకపోతే పోయింది చప్పుడు కాదు, బెల్టు. మా కారులో ఏసీ కంప్రెసర్‌నీ, బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్‌నీ, ఇంజిన్‌కి నీళ్లు తిప్పే పంపునీ అన్నింటినీ తిప్పేది ఆ ఒక్క బెల్టే. ఎర్ర లైటు వెలిగింది. చల్లగాలి వేడిగాలైంది. ఇంజిన్‌ వేడి చూపే ముల్లు పైకి పాకడం మొదలెట్టింది. బండి పక్కకి తీసి ఆపేశాను.

బీపీ మాత్రలు వేసుకునే మనిషిని ఆ ఎండలో వేపచెట్టు కింద తడి తువ్వాలు కప్పి రెండు గంటలు కూర్చోబెట్టాల్సి వచ్చింది. చివరికి బైకు మీద ఓ కుర్ర మెకానిక్‌ వచ్చాడు. బానెట్‌ ఎత్తి, ఒక్క చూపు చూసి అడిగాడు.

‘‘ఎన్ని రోజుల సంది వస్తుంది సార్‌ సౌండు?’’

‘‘రెండు వారాలు...’’

‘‘ఏసీ బంద్‌ జేసినా వచ్చేదా?’’

నా దగ్గర జవాబు లేదు. రెండు వారాలు విన్నాను. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఏసీ ఆపి చూద్దామన్న ఆలోచన రాలేదు! ఏసీ ఆపినా వస్తోందంటే కంప్రెసర్‌ ముందుండే పుల్లీ బేరింగ్‌ అరిగిందన్న అనుమానం అప్పుడే వచ్చేదట. ముందే చూపిస్తే బేరింగూ కూలీ కలిపి పదిహేను వందల్లో తేలేది. ఆరోజు బండిని లాక్కెళ్లిన ఖర్చు, పుల్లీ, క్లచ్‌, బెల్టు అన్నీ కలిసి పదకొండు వేలు దాటింది. అమ్మ పడ్డ అవస్థకి లెక్కలేదు.

అప్పట్నుంచీ కారు చప్పుళ్లు వినడం నాకో వ్యసనమైపోయింది. మెకానిక్‌ షెడ్డు కనిపిస్తే ఆగిపోతున్నానని ఇంట్లో గొడవ కూడా. ఇంతకీ అలా తిరిగి నేర్చుకున్నదేమిటంటే... చప్పుడు ‘ఎలా’ వస్తోందన్నది తర్వాత. అది ‘ఎప్పుడు’ వస్తోందన్నదే అసలు ప్రశ్న.

స్పిరిట్‌ దూది చెప్పే పాఠం

ఇంజెక్షన్‌ చేసేముందు నర్సు చేతికి స్పిరిట్‌ దూది రాస్తుంది కదా, ఆ రాసిన చోట చల్లగా ఉంటుంది. స్పిరిట్‌ ఆవిరైపోతూ ఒంటి వేడిని లాగేసుకోవడమే కారణం. కారు ఏసీ చేసేదీ ఆ పనే. కాకపోతే స్పిరిట్‌ గాల్లో కలిసిపోతుంది, ఏసీ గ్యాసు మాత్రం మూసి ఉన్న గొట్టాల్లో మళ్లీ మళ్లీ తిరుగుతూనే ఉంటుంది.

ఇంజిన్‌ పక్కనుండే కంప్రెసర్‌ గ్యాసుని గట్టిగా నొక్కుతుంది. సైకిల్‌ పంపు కొడుతుంటే అడుగుభాగం వేడెక్కినట్టే ఆ గ్యాసూ వేడెక్కుతుంది. అక్కణ్నుంచి రేడియేటర్‌ ముందుండే కండెన్సర్‌లోకి వెళ్లి గాలికి చల్లారి ద్రవంగా మారుతుంది. ఆ ద్రవం సన్నటి రంధ్రమున్న వాల్వులోంచి చిమ్ముకుంటూ డ్యాష్‌బోర్డు వెనకున్న కూలింగ్‌ కాయిల్‌లోకి దూరి ఆవిరవుతుంది. కాయిల్‌ చల్లబడుతుంది. బ్లోయర్‌ దాని మీంచి గాలిని తోస్తే అది మన మొహానికి తగులుతుంది.

అంటే, ఏసీలో తిరిగేవి కొన్ని, పారేవి కొన్ని, వీచేవి కొన్ని. తిరిగేవి గర్రుమంటాయి, కీచుమంటాయి. పారేవి బుస్సుమంటాయి, గలగలమంటాయి. వీచేచోట టకటకలూ కుయ్‌కుయ్‌లూ. తిరిగేవి చాలావరకూ బానెట్‌ కింద ఉంటాయి, వీచేవి డ్యాష్‌బోర్డు వెనక. ఇంత తెలిస్తే చాలు, వెతకాల్సిన చోటు సగానికి సగం తగ్గిపోతుంది.

ముందు మీరే పరీక్షించండి

ఎక్కువ సమయమేం పట్టదు. కారుని ఆరుబయట నీడన ఆపండి. అపార్ట్‌మెంట్‌ సెల్లార్‌లోనో, తలుపేసిన షెడ్డులోనో మాత్రం వద్దు. ఇంజిన్‌ పొగలో ఉండే కార్బన్‌ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, ప్రాణాలు తీస్తుంది. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేకు వేసి, పాటలు ఆపేయండి. ఏసీ, బ్లోయర్‌ రెండూ ఆపి ఇంజిన్‌ స్టార్ట్‌ చేయండి. చప్పుడుందా? ఉంటే అది బెల్టు దారిలో ఉన్న బేరింగుల్లోనో, అసలు ఏసీకి సంబంధం లేని చోటో ఉందన్నమాట.

లేదంటే బ్లోయర్‌ ఒక్కటే వేయండి. ఒకటి, రెండు, మూడు, నాలుగు... పెంచుతూ పోండి. బ్లోయర్‌ వేగంతో పాటు చప్పుడు వేగమూ పెరిగితే దొంగ డ్యాష్‌బోర్డు వెనకున్నట్టే. అక్కడా ఏమీ లేకపోతే ఇప్పుడు ఏసీ నొక్కండి. అప్పుడే మొదలై, ఏసీ ఆపగానే ఆగిపోతే కంప్రెసర్‌ వైపు చూడాలి. ఇక ఆగి ఉన్నప్పుడు కాకుండా మలుపు తిరిగినప్పుడో, బ్రేకు వేసినప్పుడో వినిపించేవి వేరే జాతి, వాటి సంగతి తర్వాత చెబుతా.

ఇంకోమాట. పంటినొప్పి డాక్టరు దగ్గరికెళ్లగానే మాయమైనట్టు, ఈ చప్పుళ్లు కూడా మెకానిక్‌ ముందు నోరు మెదపవు. వినిపించినప్పుడే సెల్‌ఫోన్‌లో రికార్డు చేసుకోండి. ‘పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు’, ‘సిగ్నల్‌ దగ్గర ఆగినప్పుడు మాత్రమే’ లాంటి వివరాలు కూడా రాసిపెట్టుకుంటే మరీ మంచిది.

వీటికి భయపడక్కర్లేదు

ఏసీ నొక్కగానే బానెట్‌లో ‘టక్‌’మంటుంది. చాలా కార్లలో కంప్రెసర్‌ పుల్లీ ఇంజిన్‌తో పాటు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. లోపలి ఇరుసు మాత్రం తిరగదు. ఏసీ వేసినప్పుడు విద్యుత్‌ అయస్కాంతం ఒక పళ్లేన్ని లాగి పుల్లీకి అతికిస్తుంది. అదే మాగ్నెటిక్‌ క్లచ్‌. ఆ అతుక్కున్న చప్పుడే టక్‌. లోపల తగినంత చల్లబడగానే విడిపోతుంది, మళ్లీ అతుక్కుంటుంది. కాస్త కాస్త వ్యవధి ఇచ్చి ఇలా టక్‌టక్‌మంటుంటే అది ఏసీ బుద్ధిగా పనిచేస్తోందన్న గుర్తు. కొత్త తరం కార్లలో కొన్నింటికి ఈ క్లచ్చే లేదు, కంప్రెసర్‌ తన పనిని తానే పెంచుకుని తగ్గించుకుంటుంది. కాబట్టి ‘మా కొత్త కారు టక్‌ అనట్లేదేంటి’ అని కంగారుపడొద్దు.

ఏసీ వేయగానే ముందు భాగంలో ‘భుఁ’ అంటూ ఫ్యాన్‌ తిరగడం కూడా మామూలే. కండెన్సర్‌ని చల్లార్చే ఫ్యాన్‌ అది. ఇంజిన్‌ ఆపాక కూడా ‘బుస్‌...’ అని కొన్ని క్షణాలు వినిపిస్తుంది. ఎక్కువ ఒత్తిడి ఉన్నవైపు నుంచి తక్కువ ఉన్నవైపునకు గ్యాసు సర్దుకుంటోందంతే. పాము దూరిందేమోనని మా మేనమామ ఒకసారి కారు దిగి పరుగెత్తాడు!

ఓవర్‌టేక్‌ చేసేటప్పుడు గట్టిగా యాక్సిలరేటర్‌ తొక్కితే ఓ టక్‌, కాసేపటికి మరో టక్‌ వినిపించవచ్చు. ఇంజిన్‌ బలమంతా చక్రాలకే ఇవ్వడానికి కంప్యూటరే కంప్రెసర్‌ని క్షణకాలం విడదీస్తుంది. 796 సీసీ మారుతి 800 నడిపినవాళ్లకి ఈ బాధ తెలుసు. ఘాట్‌ రోడ్డు ఎక్కేటప్పుడు ఏసీ చేత్తో ఆపుకొనేవాళ్లం. ఇప్పుడా పని కారే చేసుకుంటోంది.

బెల్టు పీకితేనే ఆగే ఏసీ!

ఆ టక్‌ విలువ తెలియాలంటే 1939కి వెళ్లాలి. అమెరికాలో ప్యాకార్డ్‌ కంపెనీ తన 1940 మోడల్‌ కార్లకి ఫ్యాక్టరీలోనే ఏసీ బిగించి అమ్మకానికి పెట్టింది. అలా ఏసీతో వచ్చిన తొలి కార్లుగా వాటికి పేరు. వెనక డిక్కీ సగం దాని సరంజామాకే సరిపోయేది. విచిత్రమేమంటే ఆ ఏసీకి క్లచ్‌ లేదు. చలేస్తోంది, ఆపాలి అనుకుంటే కారు ఆపి, దిగి, బానెట్‌ ఎత్తి కంప్రెసర్‌ బెల్టుని చేత్తో పీకి పక్కన పెట్టాలి. మళ్లీ ఉక్కపోస్తే మళ్లీ తగిలించాలి. ధర కూడా ఎక్కువే కావడంతో కొన్నేళ్లకే కంపెనీ దాన్ని మానేసింది.

డ్యాష్‌బోర్డు వెనక ఎవరు?

మన దగ్గర ఎక్కువగా వచ్చే ఫిర్యాదు, అదృష్టవశాత్తూ తక్కువ ఖర్చుతో తేలేది ఇదే. గ్లవ్‌బాక్స్‌ వైపు నుంచి ‘టపటపటప’మని పేకముక్కని సైకిల్‌ చక్రం పుల్లల్లో పెట్టినట్టు చప్పుడు. బ్లోయర్‌ పెంచితే ఇంకా వేగం. వేపచెట్టు కిందో, కానుగచెట్టు కిందో బండి పెట్టేవాళ్లకి మామూలే ఇది. అద్దం కింద ఉండే జాలీలోంచి ఆకులూ పుల్లలూ లోపలికి జారతాయి. చాలా కార్లలో వాటిని క్యాబిన్‌ ఫిల్టర్‌ ఆపుతుంది. కొన్ని చిన్న కార్లలో, పాత మోడళ్లలో ఆ ఫిల్టరే ఉండదు, ఆకు నేరుగా బ్లోయర్‌ రెక్కల్లోకే. ఫిల్టర్‌ సాధారణంగా గ్లవ్‌బాక్స్‌ వెనకే ఉంటుంది. చాలా కార్లలో దాన్ని ఎవరి సాయం లేకుండా తీసి దులపొచ్చు. మొదటిసారి తీసినప్పుడు మా ఫిల్టర్‌లోంచి వేపాకులు, రెండు చచ్చిన తేనెటీగలు, ఒక చింతగింజ రాలాయి. చింతగింజ ఎలా వెళ్లిందో ఇప్పటికీ అర్థం కాలేదు.

చింతగింజ సంగతేమో కానీ ఎలుక తెచ్చిపెట్టేవాటికి అంతే ఉండదు. రోజుల తరబడి కదలకుండా సెల్లార్‌లో ఉన్న కారంటే వినాయకుడి వాహనానికి మహా ఇష్టం. 2020 లాక్‌డౌన్‌ తర్వాత మా పక్క ఫ్లాటువాళ్లు కారు తీసి బ్లోయర్‌ వేస్తే ‘గరగర’మంది, వెంటనే స్పాంజి ముక్కలూ గుడ్డపీలికలూ గాలి వచ్చే రంధ్రాల్లోంచి మొహాన పడ్డాయి. లోపల గూడు! ఇలాంటప్పుడు బ్లోయర్‌ అలాగే తిప్పితే మోటారు కాలొచ్చు. ఆపేసి విప్పించి శుభ్రం చేయించాలి, వైర్లు కూడా కొరికిందేమో చూపించాలి.

ఆకూ లేదు, ఎలుకా లేదు. బ్లోయర్‌ తక్కువలో ఉన్నప్పుడు ‘కుయ్‌... కుయ్‌...’మని పాత సీలింగ్‌ ఫ్యాన్‌లా మూలుగుతోందంటే మోటారు బుష్‌లు అరిగాయని అర్థం. కొన్నాళ్లు లాగుతుంది కానీ మళ్లీ మొదటికి రాదు.

ఆటోమేటిక్‌ ఏసీ ఉన్న కార్లలో ఇంకో వింత ఉంది. ఉష్ణోగ్రత మార్చినప్పుడో, స్టార్ట్‌ చేయగానేనో లోపలెక్కడో ‘టక్‌ టక్‌ టక్‌ టక్‌’మని కొన్ని క్షణాలు గడియారంలా కొట్టి ఆగిపోతుంది. చల్లగాలినీ వేడిగాలినీ కలిపే రేకు తలుపుల్ని తిప్పడానికి చిన్న చిన్న మోటార్లుంటాయి. వాటిలోని ప్లాస్టిక్‌ పళ్ల చక్రం పన్ను విరిగితే ఇలా జారుతూ కొట్టుకుంటుంది. దీన్ని విని కంప్రెసర్‌ పోయిందనుకునేవాళ్లున్నారు. ఏ సంబంధం లేదు. మోటారు ధర కంటే దాన్ని అందుకోవడానికి డ్యాష్‌బోర్డు విప్పే కూలీయే ఎక్కువ అయినా కావొచ్చు, అది ముందే అడిగి తెలుసుకోండి.

గలగల పారుతున్న...

మలుపు తిరిగితే డ్యాష్‌బోర్డులో బిందెలో నీళ్లు కదిలినట్టు వినిపిస్తోందా? అయితే అవి నిజంగా నీళ్లే. చల్లటి కాయిల్‌కి గాల్లోని తేమ తగిలి నీటి బొట్లవుతుంది, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి చెమట పట్టినట్టు. ఆ నీళ్లు చిన్న గొట్టంలోంచి కారు కింద కారిపోవాలి. దుమ్మూ ఆకుల పొడీ పేరుకుని ఆ గొట్టం మూసుకుపోతే నీళ్లు లోపలే నిలిచి మలుపుల్లో ఊగుతాయి. ఆ తర్వాత ముందు సీటు కాళ్ల దగ్గర మ్యాట్‌ తడుస్తుంది, ముక్కిపోయిన వాసనొస్తుంది.

కనిపెట్టడం తేలిక. ఏసీ పావుగంట వేసి ఉంచి కారు కింద చూడండి. విశాఖ, విజయవాడ లాంటి ఉక్కపోత ఊళ్లలో నీటి చుక్కలు టపటపా పడాలి. హైదరాబాద్‌ ఎండుగాలిలో మే నెలలో తక్కువే పడొచ్చు, దానికి కంగారొద్దు. బాగా ఉక్కగా ఉన్న రోజున కూడా ఒక్క చుక్కా లేదంటే గొట్టం సంగతి చూడాల్సిందే. షెడ్డులో నిమిషాల్లో ఊడగొట్టేస్తారు.

కానీ ఇక్కడే ఓ మెలిక. ఏసీ వేయకపోయినా, యాక్సిలరేటర్‌ తొక్కగానే డ్యాష్‌బోర్డు వెనక ‘గలగల’ పారుతున్నట్టు వస్తే అది ఏసీ నీళ్లు కాకపోవచ్చు. ఇంజిన్‌ని చల్లార్చే కూలెంట్‌ తగ్గి, హీటర్‌ గొట్టాల్లోకి గాలి దూరిందేమో. ఇది నిర్లక్ష్యం చేస్తే ఇంజిన్‌కే ముప్పు. ఇంజిన్‌ పూర్తిగా చల్లారాక కూలెంట్‌ డబ్బాలో మట్టం చూడండి. వేడిమీద రేడియేటర్‌ మూత మాత్రం తీయకండి, మరిగే నీళ్లు మొహం మీదకి ఎగజిమ్ముతాయి.

బానెట్‌ కింద బాధలు

మా కారుకి పట్టిన జబ్బు సంగతి మొదట్లో చెప్పాను. పుల్లీ బేరింగ్‌ ఏసీ ఉన్నా లేకున్నా తిరుగుతూనే ఉంటుంది కాబట్టి, ఏసీ ఆపినా గర్రుమంటే అనుమానం దాని మీదకి వెళ్తుంది. అదే బెల్టు దారిలో ఆల్టర్నేటర్‌ బేరింగూ, బెల్టుని బిగించే టెన్షనర్‌ బేరింగూ ఉంటాయి. వాటినీ చూడాల్సిందే. షెడ్డుల్లో పెద్దవాళ్లు పొడవాటి స్క్రూడ్రైవర్‌ మొన ఒక్కో భాగానికి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వింటారు, డాక్టరు స్టెతస్కోపులాగే. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ ఇంట్లో ప్రయత్నించొద్దు. చున్నీ, లుంగీ అంచు, చేతి గొలుసు... బెల్టుకి ఏది చిక్కినా వదలదు. ఇంజిన్‌ ఆపినా వేడికి ఫ్యాన్‌ తనంతట తానే తిరిగే కార్లున్నాయి. వినడానికి చెవి చాలు, చెయ్యి పెట్టక్కర్లేదు.

ఏసీ వేసిన క్షణంలో ‘కీఈచ్‌’మని అరిచి ఆగిపోతే బెల్టు జారుతోందని అనుకోవాలి. కంప్రెసర్‌ బరువు మీద పడేసరికి వదులైన బెల్టో, అరిగిన బెల్టో పట్టు తప్పుతుంది. మెకానిక్‌లు తిరుగుతున్న బెల్టు మీద కాసిన్ని నీళ్లు చిలకరించి చూస్తారు. అరుపు క్షణకాలం ఆగిపోతే పుల్లీలు ఒక వరసలో లేవనీ, ఇంకా ఎక్కువైతే బెల్టు బిగువు చాలక జారుతోందనీ అంచనా కడతారు. ఇదీ వాళ్లు చేయాల్సిన పనే.

ఇక అన్నింట్లోకీ ఖరీదైన చప్పుడు. ఏసీ వేసినప్పుడే ‘కడకడకడ’, ఆపగానే మాయం. ఇనుప డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టుంటుంది. కంప్రెసర్‌ లోపలి భాగాలు అరిగి ఉండొచ్చు. క్లచ్‌ ఉన్న కారైతే ఏసీ ఆపేసి, అద్దాలు దించుకుని మెల్లగా షెడ్డు దాకా వెళ్లొచ్చు. క్లచ్‌ లేని కొత్తరకం కంప్రెసర్‌ అయితే ఏసీ ఆపినా ఇరుసు తిరుగుతూనే ఉంటుంది కాబట్టి ‘ఆపేశాంగా’ అని వారాలు తిరగకూడదు. ఎందుకంటే లోపల అరిగిన లోహపు పొడి గ్యాసుతో పాటు గొట్టాలన్నీ తిరిగి వాల్వునీ, కండెన్సర్‌లోని వెంట్రుకంత సన్నటి దారుల్నీ మూసేస్తుంది. అప్పుడు కంప్రెసర్‌ ఒక్కటే మారిస్తే చాలదు. గొట్టాలు కడగాలి, డ్రయ్యర్‌ మార్చాలి, చాలాసార్లు కండెన్సరూ మార్చాల్సి వస్తుంది. అవన్నీ మార్చకుండా కొత్త కంప్రెసర్‌ బిగిస్తే ఆ పాత పొడి దాన్నీ తినేస్తుంది.

ఏటా గ్యాసు కొట్టిస్తున్నారా?

క్లచ్‌ మామూలుగా టక్‌మంటుందని చెప్పుకొన్నాం. అలా కాక రెండు మూడు క్షణాలకోసారి ‘టక్‌-టక్‌, టక్‌-టక్‌’మంటూ ఊపిరాడనట్టు కొట్టుకుంటుంటే, పైగా చల్లదనం తగ్గితే, గ్యాసు తగ్గిందేమో చూడాలి. ఒత్తిడి మరీ తగ్గితే కంప్రెసర్‌ని కాపాడటానికి ఒక స్విచ్‌ దాన్ని ఆపేస్తుంది. ఆపగానే ఒత్తిడి కాస్త పెరిగి మళ్లీ కలుస్తుంది. మళ్లీ ఆపుతుంది. ఏసీ నడుస్తున్నంతసేపూ డ్యాష్‌బోర్డులో ‘స్‌స్‌స్‌’ అని బుస వినిపించడం కూడా ఒక్కోసారి గ్యాసు తక్కువైందన్న గుర్తే. వాల్వు దగ్గరికి నిండుగా ద్రవం రావాల్సింది పోయి బుడగలతో కలిసి వస్తుంది.

‘అయితే గ్యాసు కొట్టించేస్తే సరి’ అంటారా? గ్యాసు పెట్రోలు కాదు, ఖర్చయిపోవడానికి. మూసి ఉన్న గొట్టాల్లో తిరిగేదే. రబ్బరు గొట్టాల్లోంచీ సీళ్లలోంచీ ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా తగ్గడం సహజం. కానీ ప్రతి వేసవికీ కొట్టించాల్సి వస్తోందంటే ఎక్కడో లీకేజీ ఉంది. దాన్ని పట్టుకోకుండా గ్యాసు కొట్టడమంటే చిల్లుకుండలో నీళ్లు పోయడమే. పైగా కంప్రెసర్‌కి కావాల్సిన నూనె కూడా ఆ గ్యాసుతోనే తిరుగుతుంది. గ్యాసు తగ్గితే నూనె అందదు, నూనె అందకపోతే ఇందాకటి కడకడ మొదలవుతుంది. ‘కాస్త చల్లదనం తగ్గింది, ఈ ఏడు సర్దుకుందాం’ అనుకున్నవాళ్లకి కంప్రెసర్‌ బిల్లు వచ్చేది ఇలాగే.

ఎక్కువ కొట్టించడమూ తప్పే. ఒత్తిడి పెరిగి కంప్రెసర్‌ మూలుగుతుంది, చల్లదనం ఇంకా తగ్గుతుంది. ఏ కారుకి ఏ గ్యాసు ఎన్ని గ్రాములో బానెట్‌ కింద స్టిక్కర్‌ మీద రాసుంటుంది. తూకం వేసి నింపేచోటికే వెళ్లండి. నింపేముందు వ్యాక్యూమ్‌ పంపు పెట్టి గొట్టాల్లోని గాలినీ తేమనీ లాగేయాలి, కనీసం అరగంట పని. ‘అయిదు నిమిషాల్లో కొట్టేస్తాం సార్‌’ అన్నారంటే ఆ పని ఎగ్గొడుతున్నారని అనుమానించాలి. కారిపోయే గ్యాసు మన జేబుకే కాదు, ఆకాశానికీ బరువే. ఒకప్పటి ఆర్‌-12 ఓజోన్‌ పొరని తినేస్తోందని 1987 నాటి మాంట్రియల్‌ ఒప్పందంతో పక్కకి పెట్టడం మొదలుపెట్టారు. దాని స్థానంలో వచ్చిన ఆర్‌-134ఏ ఓజోన్‌ని ముట్టదు కానీ, నూరేళ్ల లెక్కలో కార్బన్‌ డయాక్సైడ్‌తో పోలిస్తే సుమారు 1,430 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది.

విద్యుత్‌ కారులో...

ఛార్జింగ్‌ పెట్టిన కారు, లోపల ఎవరూ లేరు, అయినా బానెట్‌లోంచి ‘గూం’ అంటోంది. కొత్తగా విద్యుత్‌ కారు కొన్నవాళ్లు భయపడే చప్పుడిది. అందులో కంప్రెసర్‌ని తిప్పేది బెల్టు కాదు, మోటారు. చాలా విద్యుత్‌ కార్లలో ఆ కంప్రెసరే బ్యాటరీని కూడా చల్లారుస్తుంది. వేగంగా ఛార్జి చేసేటప్పుడు బ్యాటరీ వేడెక్కుతుంది కాబట్టి అది పనిలోకి దిగుతుంది. ఇంజిన్‌ హోరు లేకపోవడంతో ఎక్కువగా వినిపిస్తుందంతే. అయితే నారింజ రంగు కేబుళ్ల జోలికి వెళ్లొద్దు, అవి ప్రాణాంతకమైన వోల్టేజీవి. విద్యుత్‌ కంప్రెసర్‌లో కరెంటుని పారనివ్వని ప్రత్యేకమైన నూనె వాడతారు. మామూలు కారు నూనె కలిస్తే ఇన్సులేషన్‌ దెబ్బతింటుంది. కాబట్టి వీధి చివర గ్యాసు కొట్టించడం వీటికి అస్సలు పనికిరాదు.

ఇరవై ఎనిమిది వేల చప్పుడు

కోదాడ సంఘటన తర్వాత రెండేళ్లకి మా కారు మళ్లీ మాట్లాడింది. ఈసారి ‘దడదడదడ’. బుద్ధొచ్చింది కదా, ఆరోజే పరీక్ష పెట్టాను. ఏసీ ఆపితే లేదు. ఏసీ వేసి, బండి ఆగి ఉంటే ఉంది. యాక్సిలరేటర్‌ కాస్త తొక్కితే మళ్లీ లేదు! కాగితం మీద రాసుకుని ఓ సర్వీసు సెంటర్‌కి తీసుకెళ్లాను. కాగితం వైపు చూడకుండానే ‘కంప్రెసర్‌ వీక్‌ సర్‌’ అన్నారు. అంచనా 28,500 రూపాయలు.

‘రేపు చెబుతా’నని వచ్చేశాను. ఆ వారం విజయవాడలో పనుంటే ఆటోనగర్‌లో ఏసీ పనులు చేసే ఒకాయన దగ్గరికి వెళ్లాను. అరవై ఏళ్లుంటాయి. అందరూ బాబాయ్‌ అంటున్నారని నేనూ అలాగే పిలిచాను.

‘‘బాబాయ్‌, తొక్కితే పోతోంది, వదిలితే వస్తోంది...’’

‘‘కంప్రెసర్‌ పోతే తొక్కినప్పుడు ఇంకా ఎక్కువ రావాల కదయ్యా!’’

ఆయన స్క్రూడ్రైవర్‌ చెవికి పెట్టుకుని కంప్రెసర్‌ని విన్నాడు, తల అడ్డంగా ఊపాడు. పాతగుడ్డ చేతికి చుట్టుకుని ఏసీ గొట్టాల్ని ఒక్కొక్కటిగా పట్టుకుంటూ పోయాడు. మూడో గొట్టం పట్టుకోగానే దడదడ ఆగింది. వదిలాడు, వచ్చింది. మళ్లీ పట్టుకున్నాడు, ఆగింది. గొట్టాన్ని బాడీకి బిగించే క్లాంపులో రబ్బరు బుష్‌ ఎండి రాలిపోయింది. ఏసీ వేస్తే ఆగి ఉన్న ఇంజిన్‌ కాస్త ఎక్కువ అదురుతుంది. ఆ అదురుకి గొట్టం రేకుకి కొట్టుకుంటోంది. అంతే.

బుష్‌ ముక్క కోసి తొడిగాడు. నూటయాభై తీసుకున్నాడు. టీ కూడా ఇప్పించాడు. ఆ కంప్రెసర్‌తోనే మొన్న సంక్రాంతికీ ఊరెళ్లొచ్చాం. కోదాడ దాటేటప్పుడు అమ్మ మాత్రం వెనక సీట్లోంచి ‘ఒరేయ్‌, ఆ పాటలు కాసేపు ఆపరా’ అంది.